రాతినారకు నలభై ఏళ్ళ లెక్క



మంగళగిరిలో మగ్గాల షెడ్లమీదా, గుంటూరులో మిరపకాయల గోడౌన్లమీదా, జిన్నింగు మిల్లుల వసారాలమీదా, మన ఇళ్ళలో వంటింటి వెనక దించుకున్న పంచమీదా ఎక్కడ చూసినా అలలు అలలుగా వుండే బూడిదరంగు రేకులు కనిపిస్తాయి. సిమెంటు రేకులంటాం వాటిని. వేసవిలో తాటాకు కప్పులకు నిప్పంటుకుని పేటలకు పేటలు తగలబడిపోవడం ఎరిగిన జిల్లాలు మనవి. అలాంటిచోట ఆ రేకు వచ్చిన కొత్తలో వరంలాగే తోచింది. నిప్పుకు కాలదు, చెద పట్టదు, తుప్పు పట్టదు. పెంకుటింటికంటే ఖర్చూ తక్కువ. అంత పల్చని సిమెంటు పలక విరక్కుండా ఎలా నిలుస్తుందయ్యా అంటే, అందులో నూటికి పది పాళ్ళలోపు ఒక నార కలిసి వుంటుంది కాబట్టి. ఆ నార పేరు ఆస్బెస్టాస్. పాఠ్యపుస్తకాల్లో దాన్ని రాతినార అన్నారు. ముగ్గురాయికి మంగంపేట, రాతినారకు పులివెందుల అని భూగోళం పాఠంలో మనలో చాలామంది వల్లెవేసినవాళ్ళమే.

ఆ రాతినారతో పనిచేసే మనుషుల్ని కాపాడడానికి చట్టాలు ఎలా పుట్టాయి, పుట్టిన చట్టాలు ఎంతవరకు అక్కరకొచ్చాయి అన్నది ఈవేళ చెప్పుకుందాం. ఇది ఫ్యాక్టరీల గొడవ, మనకెందుకులే అనుకోకండి. ఈ ప్రమాదాన్ని అందరికంటే ముందు కాగితంమీద పెట్టినవాళ్ళలో ఒక స్త్రీ వుంది. దీనివల్ల చనిపోయారని వైద్యులు రాసిపెట్టిన తొలి మనుషుల్లోనూ ఒక స్త్రీ వుంది. ఫ్యాక్టరీ గడప తొక్కకుండానే దీని పాలబడిన ఇల్లాళ్ళూ వున్నారు.

నేత తెలిసిన మంగళగిరివాళ్ళకు ఈ నార సంగతి సులువుగానే బోధపడుతుంది. రాతి పొరల మధ్య చారలు చారలుగా వుండే ఈ ఖనిజాన్ని దంచితే పింజలాగా విడిపోతుంది. పత్తిని ఏకినట్లే దీన్నీ ఏకవచ్చు, వడకవచ్చు, నూలు తీసి బట్ట నెయ్యవచ్చు. నిప్పులో పడేసినా కాలని బట్ట అది! ఆవిరి యంత్రాల కాలం వచ్చాక దానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. బాయిలర్లకు చుట్టడానికి అదే, ఆవిరి గొట్టాలకు తొడుగు అదే, మోటారు బండ్ల బ్రేకుల్లో అదే. స్కూలు లాబొరేటరీల్లో బీకరు కింద పెట్టే తీగవల మధ్య తెల్లటి బిళ్ళా అదే. తరవాత సిమెంటులో కలిపి రేకులూ, నీళ్ళ గొట్టాలూ చేశారు. హైదరాబాద్ సనత్‌నగర్‌లో తయారైన చార్మినార్ రేకుల పేరు వినని తెలుగు ఊరు లేదు.

పత్తి దుమ్ము మాత్రం మంచిదా అని మీరు అడగవచ్చు. మంచిది కాదు. ఏళ్ళతరబడి ఆ దుమ్ము పీల్చిన మిల్లు పనివాళ్ళకు సెలవు తరవాత పనిలోకి వచ్చిన రోజున రొమ్ము బిగదీసినట్లవుతుంది. దాన్ని బిస్సినోసిస్ అంటారు. మన దేశంలో నష్టపరిహారం ఇవ్వవలసిన వృత్తి జబ్బుల జాబితాలో అదీ వుంది. అయితే దూది పోగుకూ రాతి పోగుకూ ఒక పెద్ద తేడా వుంది. రాతి పోగు నిలువునా చీలుతూ, చీలుతూ, కంటికి కనిపించనంత సన్నమైపోతుంది. గాలిలో గంటలతరబడి తేలుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు పోయి గుచ్చుకుంటుంది. అది కరగదు, కుళ్ళదు. దాని చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎంతకీ తగ్గని పొడిదగ్గు. దీనికే ఆస్బెస్టోసిస్ అని పేరు. గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్ళీ మెత్తబరిచే మందు లేదు. కొందరికి ఊపిరితిత్తుల క్యాన్సరు వస్తుంది. మరికొందరికి ఊపిరితిత్తుల మీది పొరకు మీసోథీలియోమా అనే క్యాన్సరు వస్తుంది. రాతినారలో అన్ని రకాలూ క్యాన్సరుకు కారణమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

ఇక్కడ ఒక్క సంగతి మనసులో వుంచుకోండి. ఈ జబ్బులు ఈవేళ దుమ్ము పీలిస్తే రేపు రావు. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళు పడుతుంది. ఇరవయ్యో ఏట పనిలో చేరిన కుర్రవాడికి యాభయ్యో ఏటో అరవయ్యో ఏటో బయటపడుతుంది. అప్పటికి అతను ఆ పని మానేసి వుంటాడు. ఫ్యాక్టరీ చేతులు మారి వుంటుంది, మూతపడీ వుండవచ్చు. చెయ్యి మిషన్లో పడి తెగితే సాక్ష్యం అక్కడికక్కడే వుంటుంది. ముప్ఫై ఏళ్ళ కిందటి దుమ్ముకు సాక్ష్యం ఎవరు? రాతినార చట్టాల చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఇంగ్లండులో 1890లలో ఫ్యాక్టరీలను తనిఖీ చెయ్యడానికి మొదటిసారిగా స్త్రీలను ఇన్‌స్పెక్టర్లుగా వేశారు. అందులో లూసీ డీన్ అనే ఆవిడ 1898 నాటి తన నివేదికలో రాతినార దుమ్ము సంగతి రాసింది. ఆ దుమ్మును సూక్ష్మదర్శినిలో చూపిస్తే గాజు పెంకుల్లాంటి పదునైన ముక్కలు కనిపించాయనీ, అది పీల్చినవాళ్ళకు హాని జరుగుతోందనీ ఆవిడ స్పష్టంగానే చెప్పింది. ఆ నివేదిక అచ్చయింది, బీరువాలో చేరింది. అంతే!

మరుసటి ఏడు లండన్‌లో మాంటేగ్ మరే అనే డాక్టరు దగ్గరికి ఒక రోగి వచ్చాడు. రాతినార ఫ్యాక్టరీలో ఏకే గదిలో పనిచేసినవాడు. ఆ గదిలో తనతోపాటు పనిచేసిన పదిమందీ పోయారనీ, మిగిలింది తనొక్కడేననీ చెప్పాడు. 1900లో అతనూ పోయాడు. డాక్టరు మరే ఈ సంగతి 1906లో ప్రభుత్వ కమిటీ ముందు చెప్పాడు. అయినా చట్టం కదలలేదు.

తరవాత నెల్లీ కెర్షా కథ. ఇంగ్లండులో రాచ్‌డేల్ ఊరి అమ్మాయి. పన్నెండేళ్ళకే బడి మాని పత్తి మిల్లులో చేరి, కొన్ని నెలల్లోనే రాతినార మిల్లుకు మారింది. పని అదే, నూలు వడకడం. ముడిసరుకే వేరు. ముప్ఫై దాటాక ఊపిరాడక మంచానపడింది. ఇది రాతినారవల్ల వచ్చిన జబ్బేనని డాక్టరు సర్టిఫికేటు రాసిచ్చాడు. అక్కడే చిక్కు వచ్చింది. ఇది పనివల్ల వచ్చిన జబ్బు కాబట్టి మేమివ్వం, కంపెనీని అడగండి అన్నారు ఆరోగ్య బీమావాళ్ళు. చట్టం జాబితాలో అలాంటి జబ్బే లేదు, మాకేం బాధ్యత అంది కంపెనీ. ఇద్దరి మధ్యా కాగితాలు తిరుగుతూ వుండగానే 1924లో, తన 33వ ఏట ఆమె చనిపోయింది. డాక్టరు కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి వైద్య పత్రికలో రాశాడు. ఆ తరవాతనే ఈ జబ్బుకు ఆస్బెస్టోసిస్ అనే పేరు స్థిరపడింది. చూశారా, పేరు లేని జబ్బుకు పరిహారం లేదు. జాబితాలో లేని జబ్బు చట్టం కంటికి ఆనదు.

అప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు అధికారులచేత విచారణ జరిపించింది. వాళ్ళు 363 మంది పనివాళ్ళను పరీక్షించి, నూటికి ఇరవైఆరుగురి ఊపిరితిత్తులు గట్టిపడినట్లు 1930లో నివేదించారు. 1931లో రాతినార పరిశ్రమకు ప్రపంచంలోనే తొలి ప్రత్యేక నియమాలు వచ్చాయి. దుమ్మును పుట్టినచోటే పీల్చేసే గొట్టాలు పెట్టాలి, పనివాళ్ళకు వైద్యపరీక్షలు చెయ్యాలి, జబ్బు వస్తే పరిహారం ఇవ్వాలి. మంచి చట్టమే. కాని అది ఫ్యాక్టరీలోని కొన్ని గదులకే వర్తించింది. అదే నారను ఓడల్లో గొట్టాలకు చుట్టేవాళ్ళూ, భవనాల్లో రేకులు కోసేవాళ్ళూ దానికి బయటే వుండిపోయారు.

ఇంకా ఎవరు బయట వుండిపోయారో 1965లో తెలిసింది. మ్యూరియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అనే ఇద్దరు స్త్రీలు లండన్ ఆస్పత్రి కాగితాల్లోంచి మీసోథీలియోమాతో చనిపోయిన 76 మంది వివరాలు తీసి, ఒక్కొక్కరి కుటుంబాన్నీ విచారించారు. అందులో 9 మంది ఎన్నడూ రాతినార పని చెయ్యనివాళ్ళు. వాళ్ళ ఇంట్లో ఇంకొకరు ఆ పని చేసేవారు. ఎక్కువగా కనిపించిన కథ ఏమిటంటే, ఇల్లాలు భర్త పనిబట్టలు దులిపి ఉతికేది. అంతే ఆమె చేసిన పని! ఈ సంగతి తెలిశాక చాలా దేశాల్లో పనిబట్టలు ఇంటికి పంపకూడదు, ఫ్యాక్టరీలోనే ఉతికించాలి అనే నియమం పెట్టారు. గాలిలో ఎన్ని పోగులుండవచ్చు అనే హద్దూ దిగుతూ వచ్చింది. అమెరికాలో ఒక ఘన సెంటీమీటరు గాలిలో 1972లో 5 పోగులు, 1976లో 2, 1986లో 0.2, 1994లో 0.1. క్షేమమని ఒప్పుకున్న హద్దు ఇరవైరెండేళ్ళలో యాభైయో వంతుకు దిగిందంటే, ముందు హద్దులో పనిచేసినవాళ్ళ గతి ఏమిటో మీరే ఆలోచించండి.

ఇక మన దేశానికి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. దుమ్మును తొలగించాలని అందులో వుంది. జబ్బును గుర్తించిన డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు తెలియజెయ్యాలనీ వుంది. అలా తెలియజెయ్యవలసిన జబ్బుల జాబితాలో ఆస్బెస్టోసిస్ చేరింది. కాని ఆ చట్టం వర్తించాలంటే కరెంటుతో నడిచే చోట పదిమంది, లేనిచోట ఇరవైమంది పనివాళ్ళుండవలసి వచ్చేది. గనులకు 1952 గనుల చట్టం వేరే వుండేది. కడప జిల్లాలో పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి ప్రాంతంలో తవ్వినది తెల్ల రాతినార. మంచి రకమని దానికి పేరు. పేరు సరుకుకు వచ్చింది గాని, దాన్ని తవ్విన, దంచిన మనుషుల పేర్లు ఎక్కడ రాసివున్నాయి? ఆయాసంతో, దగ్గుతో వచ్చిన కూలికి క్షయ మందులిచ్చి పంపడం మన దేశమంతటా జరిగినదే. ఏం పని చేస్తావు అని డాక్టరు అడగకపోతే అసలు జబ్బు బయటపడదు.

1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు దుర్ఘటన జరిగింది. దానితో ప్రభుత్వం కళ్ళు తెరిచింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకరమైన పనులకు ఒక కొత్త అధ్యాయం చేర్చారు. ఆ పనుల పట్టికలో రాతినార కూడా వుంది. పనివాడి ఆరోగ్యానికి రికార్డు పెట్టాలి, అడిగితే అతనికి చూపించాలి, ప్రమాదమేమిటో ముందుగా చెప్పాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1986లోనే రాతినారమీద ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. కొత్త రాతినార గనులకు లీజులివ్వడం మాత్రం 1986 నుంచే ఆగింది. తరవాత పాత లీజుల రెన్యూవల్ కూడా ఆపేశారు. ఆరోగ్యానికి హాని అన్నదే కారణం.

అదే 1986లో అహ్మదాబాద్‌లోని వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం సుప్రీంకోర్టులో ఒక వ్యాజ్యం వేసింది. రాతినార పనివాళ్ళకు వైద్యపరీక్షలు లేవు, రికార్డులు లేవు, పరిహారం లేదు, మీరే దారి చూపాలి అని అడిగింది. తొమ్మిదేళ్ళు పట్టింది. 1995 జనవరి 27న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తరఫున తీర్పు రాసినది మన తెలుగువారే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన జస్టిస్ కె. రామస్వామి. పనివాడి ఆరోగ్యం యజమాని దయ కాదు, రాజ్యాంగం 21వ అధికరణంలో చెప్పిన జీవించే హక్కులో భాగమే అని ఆ తీర్పు సారాంశం. రాతినారవల్ల జబ్బు వచ్చినట్లు తేలిన పనివాళ్ళకు లక్ష రూపాయల చొప్పున ఇవ్వాలన్నారు. గాలిలో పోగుల్ని కచ్చితంగా లెక్కపెట్టే పరీక్ష అన్ని ఫ్యాక్టరీల్లోనూ జరగాలన్నారు. పనివాళ్ళందరికీ ఆరోగ్య బీమా వుండాలన్నారు. పదేళ్ళకోసారి హద్దుల్ని తిరిగి చూడాలనీ, చిన్న ఫ్యాక్టరీలకూ ఈ రక్షణ అందాలనీ అన్నారు.

వీటన్నిటిలోకీ నాకు పెద్దగా తోచేది ఇంకొకటి. ప్రతి పనివాడి ఆరోగ్య రికార్డూ, అతను పనిలో చేరిన రోజు నుంచి కనీసం 40 ఏళ్ళపాటు గాని, పని మానిన తరవాత 15 ఏళ్ళపాటు గాని, ఏది ఎక్కువైతే అంతవరకు, భద్రంగా వుంచాలి. 40 ఏళ్ళు ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. జబ్బుకు పట్టే కాలం అంత కాబట్టి. ముప్ఫై ఏళ్ళ కిందటి దుమ్ముకు సాక్ష్యం ఎవరు అన్న ప్రశ్నకు మన దేశంలో చట్టం ఇచ్చిన జవాబు ఈ రిజిస్టరే.

మరి అమలు? రాతినారను పూర్తిగా నిషేధించమని వేసిన ఇంకో వ్యాజ్యాన్ని 2011లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1995 ఆదేశాలను మాత్రం తూచ తప్పకుండా పాటించమంది. ఈలోగా ఇంగ్లండు 1999లోనూ, ఐరోపా దేశాల కూటమి 2005లోనూ, జపాన్ 2012లోనూ రాతినారను మానేశాయి. అమెరికా కూడా 2024లో తెల్ల రాతినార వాడకాన్ని నిషేధించింది. మన దగ్గర గనులకు లీజులు ఆగాయి గాని వాడకం ఆగలేదు. రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ దేశాల నుంచి నార దిగుమతి అవుతూనే వుంది. తవ్వడానికి పనికిరానిది వాడడానికి ఎలా పనికొస్తుందో చెప్పేవాళ్ళు లేరు.

రేకుల పరిశ్రమవాళ్ళకు ఒక వాదన వుంది. బీదవాడికి ఇంత చవకైన కప్పు ఇంకేముంది? తడి సిమెంటులో కలిసిపోయాక నార ఎగరదు కదా? ఇందులో కొంత నిజం లేకపోలేదు. పగలని, చివకని రేకు నెత్తిమీద వుంటే దానికింద కూర్చున్నవాళ్ళు భయంతో లేచిపోనక్కరలేదు. కాని ఏ రేకూ పుట్టినట్లే వుండిపోదు. దాన్ని రంపంతో కోస్తారు, డ్రిల్లు పెట్టి బెజ్జాలు వేస్తారు. గాలివానకు పగులుతుంది. పాతదైపోయాక సుత్తితో కొట్టి దించుతారు. దుమ్ము లేచేది అప్పుడు. ఆ దుమ్ము పీల్చేది ఫ్యాక్టరీ రిజిస్టరులో పేరున్న పనివాడు కాదు. మన ఇంటికి వచ్చిన ఇద్దరు ముగ్గురు కూలీలు. వాళ్ళకు హాజరుపట్టీ లేదు, ఎక్స్‌రే లేదు, నలభై ఏళ్ళ రికార్డు అసలే లేదు.

ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టం మొదలైన 13 చట్టాల బదులు 2020లో చేసిన ఒకే కోడు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. తెలియజెయ్యవలసిన జబ్బుల పట్టికలో ఆస్బెస్టోసిస్ అందులోనూ వుంది. కాని ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన పనివాళ్ళ సంఖ్య కరెంటుతో నడిచేచోట 20కి, లేనిచోట 40కి పెరిగింది. ప్రమాదకరమని కేంద్రం ప్రకటించిన పనులకు ఆ సంఖ్య పట్టింపు లేదన్న వెసులుబాటూ వుంది. ఆ వెసులుబాటును రాతినార పనులకు ఎంత గట్టిగా వాడతారన్నదాన్నిబట్టి చిన్న షెడ్లలో పనిచేసేవాళ్ళ బతుకు వుంటుంది. చట్టం పుస్తకంలో వుంటుంది. దాన్ని షెడ్డు దాకా తెచ్చేది ఇన్‌స్పెక్టరు రాకపోకలూ, డాక్టరు రాసే రిపోర్టూ, రిజిస్టరులో ఎక్కిన పేరూ.

ఇందులో మనం చెయ్యగలిగింది ఏమైనా వుందా? వుంది.

మన ఇంట్లో రేకులు మార్చవలసి వస్తే, కొట్టి పగలగొట్టమని తొందరపెట్టవద్దు. బాగా నీళ్ళతో తడిపించి, మేకులు ఊడదీసి, రేకును నిలువునా దించమని చెప్పాలి. పడ్డ ముక్కల్ని పొడిగా చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తాలి. ఆ సమయంలో పిల్లల్ని ఆ ఛాయలకు రానివ్వకూడదు. పాచి పట్టిందని రేకుల్ని పొడిగా గీకించకూడదు. ఎవరైనా ఆ పని చేసి వస్తే బట్టలు దులపకుండా విడిగా నీళ్ళలో నానబెట్టి ఉతకాలి.

రెండోది, డాక్టరు దగ్గర నోరు విప్పడం. మీ నాన్నగారికో, మామగారికో, పక్కింటి పెద్దాయనకో ఎంతకీ తగ్గని ఆయాసం వుంటే ఆయన ఇరవై, ముప్ఫై ఏళ్ళ కిందట ఎక్కడ ఏం పని చేశారో డాక్టరుకు చెప్పండి. రేకుల ఫ్యాక్టరీయా, బాయిలర్ల పనా, బ్రేకులు బిగించే షెడ్డా, జిన్నింగు మిల్లా? డాక్టరు అడగకపోయినా చెప్పండి. మంగళగిరిలోనే ఇప్పుడు ఎయిమ్స్ వుంది. పెద్ద పరీక్షలకు ఇంతకుముందులాగా హైదరాబాదు దాకా పోనక్కరలేదు.

మూడోది అన్నిటికన్నా చిన్నదీ, అన్నిటికన్నా అవసరమైనదీ. పనిచేసిన చోటి కాగితాలు పారెయ్యకండి. గుర్తింపు కార్డు, ఈఎస్ఐ కార్డు, జీతం చీటీ, ప్రావిడెంటు ఫండు కాగితం, పాత ఎక్స్‌రే, ఏదైనా సరే. ఈఎస్ఐ కిందా, నష్టపరిహారం నియమాల కిందా ఈ జబ్బులకు పరిహారం వుంది. పరిహారం అడిగేటప్పుడు మొదటి ప్రశ్న, ఆ పని చేశాడనడానికి రుజువేది? అని. నెల్లీ కెర్షాకు సర్టిఫికేటు వుంది గాని జబ్బు జాబితాలో లేదు. మనకు జాబితా వుంది. రుజువు లేక ఓడిపోకూడదు.

నలభై ఏళ్ళు రికార్డు దాచమని సుప్రీంకోర్టు యజమానిని ఆదేశించింది. ఆ ఆదేశం ప్రతి ఫ్యాక్టరీలోనూ, ప్రతి షెడ్డులోనూ అమలు జరిపించడం ప్రభుత్వం పని. అది జరిగేదాకా ఆ నలభై ఏళ్ళ లెక్క ఇంట్లో ట్రంకుపెట్టెలో, పెళ్ళిచీర మడతల కింద, మన చేతిలోనైనా భద్రంగా వుండాలి.